రివర్బ్ పెంచితే మాట మునుగుతోంది, తగ్గిస్తే గొంతు వాద్యాలతో కలవట్లేదు: ఇంటి రికార్డింగ్‌కు లోతు ఎలా తేవాలి?

మోహన_80 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఒక లలితగీతం మిక్స్ చేస్తున్నాను. టెంపో 80, చతురస్ర నడక. ట్రాకులు: ఆడ గొంతు (ఆరు శ్రుతి), వేణువు, అకూస్టిక్ గిటారు, తబలా, కీబోర్డు ప్యాడ్, తంబురా. సాఫ్ట్‌వేర్ రీపర్.

గొంతు, వేణువు ఇంట్లో పడకగదిలో తీసినవి. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, స్లాబు ఎత్తు 10 అడుగులు. కింద టైల్స్, గోడలకు నున్నటి పుట్టీ. కార్డియాయిడ్ కండెన్సర్ మైకు. మైకు వెనక గోడ అడుగు దూరంలో ఉంది, గాయని వెనక గదంతా ఖాళీ.

ఇప్పుడు ప్రతి ట్రాకు మీదా విడిగా రివర్బ్ (గది ప్రతిధ్వనిని కల్పించే ఎఫెక్టు) ఇన్సర్ట్ చేసి ఉంది, అంటే నేరుగా ఆ ట్రాకులోనే పెట్టి ఉంది. గొంతుకు హాల్ ప్రీసెట్, 2.8 సెకన్లు, వెట్ (రివర్బ్ పాలు) 25 శాతం. అలా ఉంచితే చరణంలో మాటలు తెలియవు. 10 శాతానికి తెస్తే గొంతు ఒక్కటే పైన అతికించినట్టు ఉంటుంది. పైగా గొంతులో డబ్బాలోంచి వస్తున్నట్టు ఒక మోత ఉంది, రివర్బ్ వేసినకొద్దీ అదీ పెరుగుతోంది. పాట మళ్ళీ పాడించే వీలు ఉంది, కానీ గది మాత్రం అదే. ఎక్కడ మొదలుపెట్టాలి? కొనే ప్లగిన్లు వద్దు, ఉచితంగా దొరికేవాటితోనే కావాలి.

స్లాబుకింద_స్టూడియో

మోహన గారూ, మళ్ళీ పాడించే వీలుంటే ముందు అది చేయండి. మీ సమస్యలో సగం రివర్బ్‌ది కాదు, గదిది. రికార్డింగులో ఒక చిన్నగది ముద్ర పడిపోయాక, దాని మీద మీరు ఎంత పెద్ద హాలు వేసినా, ఆ హాల్లో మోగేది గొంతు కాదు, "చిన్నగదిలో ఉన్న గొంతు". చెవికి రెండు గదులూ వినిపిస్తాయి.

మీ గది కొలతల్లోనే చిక్కుంది. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులు. ఆ దూరానికి గది సహజంగా మోగే మొదటి ఫ్రీక్వెన్సీ సుమారు 56 హెర్ట్జ్, దాని గుణిజాలు 112, 169, 225. రెండు దిశల్లోనూ ఇవే కాబట్టి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆరు శ్రుతి షడ్జం 220 హెర్ట్జ్, అంటే గాయని పదేపదే వచ్చి నిలబడే స్వరం సరిగ్గా గది ఉబ్బించే చోట ఉంది. మీరు డబ్బా మోత అంటున్నదానిలో పెద్ద భాగం ఇదే అయ్యుంటుంది.

కార్డియాయిడ్ మైకు వీపు వైపు శబ్దాన్ని చాలావరకు తీసుకోదు. దాని ముఖం గాయని వైపూ, గాయని వెనకనున్న ఖాళీ గది వైపూ ఉంది. అందుకే మైకు వెనక దుప్పటి కట్టడం కన్నా గాయని వెనక కట్టడం ఎక్కువ పనిచేస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రెండు మందపాటి బొంతలు గాయని వీపు వెనకా, ఒక పక్కనా వేలాడదీయండి. గోడకు ఆనించకుండా నాలుగు నుంచి ఆరు అంగుళాలు ఎడంగా ఉంచాలి, ఆ సందు వల్లే కాస్త కిందిస్థాయి శబ్దం కూడా తగ్గుతుంది. నేల మీద పరుపు. మైకును గోడ నుంచి కనీసం నాలుగడుగులు లోపలికి తెండి. గది మధ్యలో మాత్రం వద్దు, అలాగే రెండు పక్క గోడలకూ సమానదూరం కాకుండా చూడండి. నోటికీ మైకుకీ మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో పాప్ ఫిల్టరు. ఫ్యాను ఆపేయాలి. అంగుళం మందం ఫోమ్ ముక్కలు గోడకు అంటించడం వల్ల 220 హెర్ట్జ్ దగ్గర ఏమీ మారదు. పై శబ్దాలను మాత్రమే మింగి డబ్బాను ఇంకా మొద్దుగా చేస్తాయి. ఆ డబ్బు బొంతల మీద పెట్టడం మేలు.

పాత టేకే వాడాల్సివస్తే 225 చుట్టూ, మళ్ళీ 400 నుంచి 500 మధ్య ఈక్యూ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే ప్లగిన్) బ్యాండును సన్నగా పెట్టి జరుపుతూ, మోత ఎక్కువయ్యే చోట 3 డెసిబెల్స్ తగ్గించండి. ఆరు, ఏడు తగ్గిస్తే షడ్జమే బలహీనపడుతుంది. కంప్రెసర్ (ఎగసిన శబ్దాన్ని నొక్కే ప్లగిన్) దగ్గర జాగ్రత్త. గొంతును 8 డెసిబెల్స్ నొక్కి, పోయిన లెవెల్ మళ్ళీ పెంచితే, మాటల మధ్య ఖాళీల్లో గది మోత దాదాపు అంత మేరా పైకొస్తుంది. ఒక్కోటి 2 లేదా 3 డెసిబెల్స్ నొక్కే రెండు కంప్రెసర్లు వరసగా పెట్టి, బాగా ఎగసిన మాటలను చేత్తో వాల్యూమ్ ఆటోమేషన్‌తో సర్దితే ఇంత నష్టం ఉండదు.

ఇక రూటింగ్. ప్రతి ట్రాకు మీదా ఉన్న ఆ ఇన్సర్టులన్నీ తీసేయండి. ఆరు వాద్యాలు ఆరు వేర్వేరు భవనాల్లో ఉంటే అవి ఎప్పటికీ ఒక చోట కూర్చోవు. కొత్త ట్రాకు ఒకటి తెరిచి "గది" అని పేరు పెట్టండి, ఇంకొకటి "ప్లేట్". గొంతు ట్రాకు రూట్ బటన్ పట్టుకుని ఆ ట్రాకుల మీదకు లాగితే సెండ్ (గొంతు నకలును అక్కడికి పంపే దారి) తయారవుతుంది. అది పోస్ట్‌ఫేడర్‌గానే (వాల్యూమ్ మీట తర్వాత తీసుకునేలా) ఉండనివ్వండి. ప్రీఫేడర్ అయితే, గొంతు తగ్గించినప్పుడు రివర్బ్ తగ్గకుండా అలాగే మిగిలి గొంతు దూరం జరిగినట్టు అనిపిస్తుంది. రివర్బ్ ట్రాకులో ప్లగిన్ వెట్ నూరు శాతం, డ్రై (రివర్బ్ లేని అసలు శబ్దం) సున్నా. డ్రై మిగిలిపోతే సెండ్ పెంచిన ప్రతిసారీ అసలు గొంతు కూడా పెరిగి, పెరిగింది రివర్బ్ అని మీరు పొరబడతారు.

"గది" ట్రాకుకు డ్రాగన్‌ఫ్లై రూమ్ రివర్బ్ చాలు, అది ఉచితం. డికే (రివర్బ్ తోక, అంటే మోత ఆగేదాకా పట్టే సమయం) 0.5 నుంచి 0.7 సెకన్లు, ప్రీడిలే (రివర్బ్ మొదలయ్యే ముందు సందు) 5 మిల్లీసెకన్ల లోపు. దీనికి అన్నీ వెళ్ళాలి: వేణువు, గిటారు, తబలా కాస్త ఎక్కువగా, గొంతు తక్కువగా. ప్యాడ్‌కు అవసరం లేదు, దానిలో కంపెనీ వేసిన రివర్బ్ ముందే ఉంటుంది. వీలైతే కీబోర్డులోనే దాన్ని ఆపి చూడండి. ఈ గది విడిగా రివర్బ్‌లా వినిపించకూడదు. మ్యూట్ చేసినప్పుడు అందరూ విడిపోయినట్టు అనిపిస్తే సరిపోయినట్టే.

"ప్లేట్" ట్రాకు గొంతుకూ, కొంచెం వేణువుకూ. 1957లో వచ్చిన ఈఎంటీ 140 ప్లేటు ఒక పెద్ద ఉక్కు రేకు. దాన్ని కదిలించి, రేకంతా పాకిన కంపనాన్ని పికప్‌లతో పట్టేవారు. అందులో గోడలు లేవు కాబట్టి విడివిడి తొలి ప్రతిధ్వనులూ లేవు, మొదటి నుంచే దట్టంగా పరుచుకుంటుంది. గొంతు పక్కన ప్లేటు ఇప్పటికీ నప్పడానికి కారణం అదే: గది పరిమాణం చెప్పకుండానే తోక ఇస్తుంది. డ్రాగన్‌ఫ్లై ప్లేటు గానీ, టీఏఎల్ రివర్బ్ 4 గానీ పెట్టండి. డికే 1.6 సెకన్లతో మొదలుపెట్టండి.

ఆ ప్లేటుకు ముందు ఒక ఈక్యూ. 600 హెర్ట్జ్ కింద కోత, 10 కిలోహెర్ట్జ్ పైన కోత. లండన్ అబే రోడ్ స్టూడియోలో ఛాంబర్లకు (ప్రతిధ్వని కోసం వాడే గదులకు) పంపే సిగ్నల్‌ను ఇలాగే కోసేవారు. 600 ఎక్కువనిపించినా సోలోలో వినకండి, మొత్తం పాటలో వినండి. కింది భాగం అసలు గొంతులో ఉండనే ఉంది, రివర్బ్ దాన్ని రెండోసారి చెప్పక్కర్లేదు. మీ మాట మునగడానికి ఎక్కువ కారణం ఈ 200 నుంచి 500 మధ్య తోకే.

ముందు వెనకల సంగతి: ప్రీడిలే అంటే అసలు శబ్దానికీ రివర్బ్ మొదలవడానికీ మధ్య సందు. దగ్గరున్న మనిషి గొంతు ముందొచ్చి, గోడల జవాబు తర్వాత వస్తుంది. దూరంగా ఉన్న వాద్యానికి రెండూ దాదాపు కలిసే వస్తాయి. కాబట్టి గొంతుకు ప్రీడిలే ఎక్కువ, వెనక ఉండాల్సిన గిటారుకు దాదాపు సున్నా. వెనక్కి పంపాలనుకున్నదాన్ని 8 కిలోహెర్ట్జ్ పైన ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గించండి, దూరం వెళ్ళేకొద్దీ గాలి తినేది ఆ భాగాన్నే. మీ టెంపోకి ఒక బీటు 750 మిల్లీసెకన్లు (60,000ను 80తో భాగించాలి). అందులో పదహారో వంతు 47. గొంతు ప్లేటుకు అక్కడ మొదలుపెట్టి అటూ ఇటూ జరపండి. 80 దాటిస్తే విడి ఎకోలా తేలుతుంది.

గమకం_ముందు

పైన చెప్పినదాంట్లో ఒక్క అంకె మీద నాకు అభ్యంతరం: 1.6 సెకన్లు. మన పాటకు అది ఎక్కువ.

పాశ్చాత్య పాటలో స్వరం ఒక చోట నిలబడి, తర్వాతి స్వరానికి గెంతుతుంది. తోకలో మిగిలిన పాత స్వరం తరచుగా అదే కార్డులోది కాబట్టి కలిసిపోతుంది. మన దగ్గర గాంధారం మీద ఊపు వేస్తే గొంతు అర సెకనులో రెండు మూడు సార్లు పక్క స్వరాల్ని తాకి వస్తుంది. పొడుగు తోక ఆ దారినంతటినీ ఒకేసారి వినిపిస్తుంది. గమకం గీత గీసినట్టు ఉండాల్సింది మచ్చలా అవుతుంది, వినేవాళ్ళకు శ్రుతి తప్పినట్టు కూడా అనిపించవచ్చు. గొంతుకూ వేణువుకూ డికే 0.9 నుంచి 1.2 సెకన్లు దాటించకండి. పెద్దతనం కావాలంటే అది డిలేతో (శబ్దాన్ని కాస్త ఆగి తిరిగి వినిపించే ఎఫెక్టుతో) వస్తుంది, దాని సంగతి కింద చెబుతాను. ప్లగిన్‌లో మాడ్యులేషన్, కోరస్ అనేవి ఉంటే సున్నా చేయండి. అవి తోక శ్రుతిని కావాలనే ఊపుతాయి, తంబురా పక్కన వెంటనే దొరికిపోతుంది.

మాటల విషయంలో ఇంకొకటి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ఆగుతాయి. పాడినప్పుడు ఆ అచ్చు సాగుతుంది, దాని తోక తర్వాతి మాట మొదటి హల్లు మీద పడుతుంది. హల్లు పోతే సాహిత్యం పోయినట్టే. పైన చెప్పిన 47 మిల్లీసెకన్ల ప్రీడిలే మన భాషకు అందుకే బాగా పనికొస్తుంది: హల్లు పొడిగా బయటపడ్డాకే రివర్బ్ మొదలవుతుంది. స, శ, ష, చ లు మాత్రం ప్లేటులో చిమ్ముతాయి. గొంతు మీద డీఎస్సర్ (ఈ చిమ్మే శబ్దాలను తగ్గించే ప్లగిన్) ఉన్నా, ప్లేటు ట్రాకులో రివర్బ్‌కు ముందు ఇంకొకటి పెట్టి 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య గట్టిగా 6 డెసిబెల్స్ దాకా తగ్గించండి. అసలు గొంతు మీద అంత తగ్గిస్తే నత్తిలా వినిపిస్తుంది. రివర్బ్‌కు పోయేదాని మీద ఎవరికీ తెలియదు.

తంబురాకు రివర్బ్ పంపొద్దు. ఆగని శబ్దానికి తోక వినిపించే ఖాళీయే ఉండదు, కాబట్టి చోటు తెలియదు. లెవెల్ పెరిగి తీగల జీవాళి మసకబారడమే మిగులుతుంది. దాన్ని పొడిగా ఉంచి ఎడమ కుడులకు విస్తరించండి, అదే పాటకు నేపథ్యం అవుతుంది. తబలాలో దాయాఁకు (కుడి చేతిది) గది ఎంతైనా పంపండి. బాయాఁకు (ఎడమ చేతిది) వేరే సెండ్ పెట్టి 250 కింద కోయండి, లేకపోతే ఘుమకీ (బాయాఁ మంద్ర నాదం) ప్రతిసారీ బురదగా పరుచుకుంటుంది.

ఇప్పుడు డిలే. మూడో ట్రాకు "డిలే", అందులో రీడిలే (రీపర్‌తో వచ్చే డిలే ప్లగిన్), డ్రై పూర్తిగా కిందికి. సమయం 375 మిల్లీసెకన్లు, అంటే అర బీటు. పునరావృతాలు రెండు మూడు వినపడి ఆగిపోయేంత ఫీడ్‌బ్యాక్. కింద 400 దగ్గర, పైన 4 కిలోహెర్ట్జ్ దగ్గర కోత. ఇది మాటలా వినపడకూడదు, మాట వెనక నీడలా ఉండాలి. ఆ డిలే ట్రాకు నుంచి కొంచెం "గది" ట్రాకుకు సెండ్ ఇవ్వండి, అంచులు కరుగుతాయి.

మోహన_80

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇన్సర్టులు తీసి సెండ్లకు మార్చాను, ప్లేటు 1.1 సెకన్లకు తెచ్చాను. మాటలు ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయి. డిలే దగ్గరే చిక్కు: పల్లవి చివర ఖాళీలో చాలా బాగుంది, చరణంలో మాటలు వెంటవెంటనే వచ్చేచోట మాత్రం గజిబిజి చేస్తోంది. చరణమంతా ఆటోమేషన్ గీయాల్సిందేనా?

గమకం_ముందు

అక్కర్లేదండీ, డకింగ్ పెట్టండి. గొంతు ఉన్నంతసేపు డిలే తగ్గి, గొంతు ఆగగానే తేలుతుంది. గొంతు నుంచి డిలే ట్రాకుకు ఇప్పుడున్న సెండ్ 1/2 ఛానళ్ళకు పోతోంది. అదే ట్రాకుకు రెండో సెండ్ ఇచ్చి దాన్ని 3/4 ఛానళ్ళకు పంపండి. డిలే ట్రాకులో రీడిలే తర్వాత రీకాంప్ (రీపర్‌తో వచ్చే కంప్రెసర్) పెట్టి, డిటెక్టర్ ఇన్‌పుట్‌ను ఆగ్జిలరీ ఇన్‌పుట్ చేయండి. రేషియో 4, అటాక్ 5 మిల్లీసెకన్లు, రిలీజ్ 250. గొంతు పాడుతున్నప్పుడు 6 డెసిబెల్స్ తగ్గేదాకా త్రెషోల్డ్ (నొక్కడం మొదలయ్యే లెవెల్) దించండి.

పని చేయకపోతే ఎక్కువగా కారణం రెండిట్లో ఒకటి. రీకాంప్‌ను రీడిలేకు ముందు పెట్టడం: అప్పుడు డిలేలోకి పోయే గొంతే తగ్గుతుంది గానీ తిరిగొచ్చే ప్రతిధ్వని తగ్గదు. లేదా రిలీజ్ 50 అంత తక్కువ పెట్టడం: అక్షరాల మధ్య డిలే పైకీ కిందికీ ఊగుతుంది. ఇదే కిటుకు ప్లేటు మీద కూడా చేయొచ్చు, అక్కడ 2 డెసిబెల్స్ మించకూడదు.

మెట్లమోత

రివర్బ్ ప్లగిన్ల హాళ్ళు కృత్రిమంగా అనిపిస్తుంటే అపార్టుమెంటు మెట్లదారిని వాడుకోండి. 1947లో అమెరికన్ రికార్డింగ్ ఇంజనీరు బిల్ పుట్నం స్టూడియో బాత్‌రూమ్‌ను ఎకో ఛాంబర్‌గా వాడాడు, సూత్రం అదే. మనకు ఇప్పుడు అక్కడ పాట మోగించే పని కూడా లేదు. ఆ చోటు ఒక చప్పుడుకు ఇచ్చే జవాబును ఒక్కసారి రికార్డు చేస్తే, రీపర్‌లోనే ఉన్న రీవర్బ్ (ReaVerb) ప్లగిన్ దాన్ని ఏ ట్రాకు మీదైనా వేస్తుంది.

పెద్ద బెలూన్లు ఐదారు కొనండి. రాత్రి లిఫ్టు, మోటారు ఆగిన సమయంలో, ఇరుగుపొరుగుకు ముందే చెప్పి, మైకు ఒక అంతస్తు మధ్యలో పెట్టి, రెండు మూడు మీటర్ల దూరంలో పూర్తిగా ఊదిన బెలూన్‌ను సూదితో పగలగొట్టండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. పీకు మైనస్ 6 దాటకూడదు. బెలూన్ చప్పుడు అనుకున్నదానికన్నా చాలా పెద్దది, మొదటిది గెయిన్ చూసుకోవడానికే అనుకోండి. ఫోన్ వాయిస్ రికార్డరు వాడొద్దు. దానిలో లెవెల్‌ను తనంతట తాను సర్దే ఏర్పాటూ, నాయిస్ తగ్గించే ఏర్పాటూ ఉంటాయి, మనకు కావలసిన తోకనే అవి మింగేస్తాయి. ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్ గానీ, ఆటో లెవెల్ ఆపగలిగిన చేతి రికార్డరు గానీ కావాలి.

తర్వాత ఎడిటింగ్‌లో బెలూన్ పగిలిన తొలి దెబ్బను కోసేయండి, ప్రతిధ్వనులు మొదలయ్యే చోటు నుంచి ఉంచండి. ఆ దెబ్బ మిగిలితే మీ గొంతుకు ఇంకో నకలు రివర్బ్ ట్రాకులోంచి వస్తుంది. చివర తోక గది హోరులో కలిసే చోట ఫేడవుట్ చేయండి. ఫేడ్ చేయకుండా హోరు ఉంచేస్తే పాటంతా పల్చటి బుస వినపడుతుంది. వేవ్ ఫైలుగా దాచి, రీవర్బ్‌లో యాడ్ నొక్కి, ఫైల్ ఎంచుకుని లోడ్ చేయండి. డ్రై పూర్తిగా కిందికి. మెట్లదారి తోక తరచుగా రెండు సెకన్లు దాటుతుంది. గమకం_ముందు గారు చెప్పిన కారణానికే, ఫేడ్‌ను ముందుకు లాగి ఒక సెకను దగ్గర ముగించండి.

బెలూన్‌లో కింది ఫ్రీక్వెన్సీలు బలహీనం. మనం ఎలాగూ 600 కింద కోస్తున్నాం కాబట్టి గొంతుకు ఇబ్బంది లేదు. మృదంగానికో తబలాకో పూర్తి గది కావాలంటే స్పీకరులో సైన్ స్వీప్ (కింది నుంచి పైకి జారే ఒకే స్వరం) మోగించి, రికార్డు చేసినదాన్ని డీకన్వల్యూషన్ చేయాలి, అంటే అందులోంచి ఆ చోటు జవాబును లెక్కగట్టి విడదీయాలి. శబ్దం కన్నా హోరు ఎక్కువుండే చోట్ల అదే మెరుగైన పద్ధతి. ఇవేమీ చేసే ఓపిక లేకపోతే యార్క్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌ఎయిర్ లైబ్రరీలో చర్చిలు, హాళ్ళ జవాబులు తయారుగా ఉన్నాయి. లైసెన్సు మాత్రం ఒక్కో ఫైలుకు ఒక్కోలా ఉంటుంది, చదివి వాడండి.

మోనోలో_విను

మిక్స్ ముగించేముందు మాస్టర్‌ను మోనో చేసి పాటంతా ఒకసారి వినండి. చిన్న బ్లూటూత్ స్పీకర్లు చాలావరకు, కొన్ని ఫోన్లు కూడా రెండు ఛానళ్ళనూ కలిపేస్తాయి. గొంతును వెడల్పు చేయడానికి ఒక పక్క 10, 20 మిల్లీసెకన్లు ఆలస్యం చేసే కిటుకు కొందరు చెబుతారు. మోనోలో ఆ రెండూ కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను చంపేసుకుంటాయి, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది. అసలు గొంతును నట్టనడుమ ఒకటిగా ఉంచి, వెడల్పును రివర్బ్ తిరుగుదారికే వదిలేయండి. మోనోలో రివర్బ్ కొంత తగ్గడం మామూలే. పూర్తిగా మాయమైతే మాత్రం ప్లగిన్‌లో విడ్త్‌ను 100 శాతానికో 80కో దించండి.

సెండ్ లెవెళ్ళు ఖాయం చేసేది మాస్టర్ మీద లిమిటర్ ఉంచే చేయండి. లిమిటర్ ఎత్తైన శిఖరాలను నొక్కి మొత్తాన్ని పైకి లేపుతుంది, నొక్కుడు పడని తోకలు దాంతో పాటే లేస్తాయి. లిమిటర్ లేనప్పుడు సరిపోయిన రివర్బ్ ఎక్స్‌పోర్ట్ చేశాక ఎక్కువవడానికి కారణం ఇది. లిమిటర్ 4 డెసిబెల్స్ నొక్కుతుంటే ప్లేటును ఒకటి ఒకటిన్నర డెసిబెల్స్ తగ్గించాల్సి రావచ్చు.

మీ గదిలో స్పీకర్లలో విని రివర్బ్ నిర్ణయించకండి మోహన గారూ. 10 అడుగుల గది తన మోతను కూడా కలిపి వినిపిస్తుంది కాబట్టి మీరు తక్కువ వేస్తారు. హెడ్‌ఫోన్‌లో, తక్కువ వాల్యూమ్‌లో సెండ్‌ను కింద నుంచి పెంచుకుంటూ రండి. రివర్బ్ ఉందని తెలిసిన చోట ఆపి, అక్కడి నుంచి 2 డెసిబెల్స్ దించండి. పల్లవికీ చరణానికీ ఒకే లెవెల్ ఉండాలని లేదు. వాద్యాలు తక్కువున్న పల్లవిలో ఒక డెసిబెల్ ఎక్కువా, తబలా ప్యాడ్ నిండిన చరణంలో ఒకటి తక్కువా ఉంచితే చెవికి రెండుచోట్లా సమానంగానే తోస్తుంది.